బాగోలేని రోజు కోసం రాసిన డైట్: మైగ్రేన్, క్రానిక్ ఫటీగ్ ఉన్న ఒక టీచర్‌గారి కేసు

ఈ కేసు గుంటూరు జిల్లాలో పనిచేసే ఒక హైస్కూల్ టీచర్‌గారిది. వయసు 42. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. నేను డైటీషియన్‌ని. ఇందులో మందుల నిర్ణయాలన్నీ ఆమె న్యూరాలజిస్టు, ఫిజీషియన్ తీసుకున్నవి. నా పని తిండి, వంటిల్లు, రోజువారీ అలవాట్ల వరకే.

మొదటిసారి వచ్చినప్పుడు ఫైలు తెరవకముందే ఆమె అడిగిన మాట: "నడవమంటారు, నడిస్తే రెండు రోజులు మంచం మీదే. తిండి తగ్గించమంటారు, తగ్గిస్తే తలనొప్పి. ఇంకేం చేయమంటారు మేడమ్?"

ఈ ప్రశ్నకి మా డైట్ చార్టుల్లో సమాధానం లేదు. 1200 కేలరీలు, రోజూ 45 నిమిషాల నడక, రాత్రి ఏడుకల్లా భోజనం అని రాసిచ్చే చార్టు ఒంట్లో ఓపిక ఉన్న మనిషి కోసం తయారైంది. ఈ రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్ల చేతిలో అదే చార్టు పెడితే బరువు తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది. ఈమె విషయంలో అదే జరిగింది.

వచ్చేనాటికి పరిస్థితి

ఎత్తు 156 సెం.మీ., బరువు 81.4 కిలోలు, నడుము చుట్టుకొలత 98 సెం.మీ. బీఎంఐ 33 పైనే. మన దేశంలో వాడే లెక్క ప్రకారం బీఎంఐ 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. ఆడవాళ్లకి నడుము 80 సెం.మీ. దాటకూడదు. 2021కి ముందు ఆమె బరువు 66 కిలోలు.

మైగ్రేన్ ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉంది. అప్పట్లో నెలకి ఒకటి రెండుసార్లు వచ్చి పోయేది. 2021 మే నెలలో కోవిడ్ వచ్చింది. ఆస్పత్రిలో చేరాల్సినంత కాలేదు, వారంలో జ్వరం తగ్గింది, నీరసం మాత్రం ఉండిపోయింది. మామూలు నీరసం అనుకుని టానిక్కులు తాగారు, కొబ్బరినీళ్లు తాగారు, కొన్నాళ్లు సెలవు పెట్టారు. ఏడాది దాటాక హైదరాబాద్‌లో ఒక ఫిజీషియన్ దీన్ని క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని తేల్చారు. మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనేదీ ఈ జబ్బే. రెండూ కలిపి ఎంఈ/సీఎఫ్ఎస్ అని రాస్తారు.

ఈ జబ్బుని తేల్చడానికి ఒక్క రక్తపరీక్ష కూడా లేదు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన ప్రమాణాలే ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు: ముందు చేయగలిగిన పనులు బాగా తగ్గిపోయి ఆరు నెలలు దాటాలి, శ్రమ తర్వాత ఒళ్లు కుదేలవ్వాలి, ఎంత పడుకున్నా నిద్ర తీరినట్టు ఉండకూడదు, వీటికి తోడు మతిమరుపు, ఆలోచన మందగించడమో, నిలబడితే కళ్లు తిరగడం లాంటి ఇబ్బందో ఉండాలి. టీచర్‌గారికి ఇవన్నీ ఉన్నాయి. పడుకున్నప్పుడు 82 ఉన్న నాడి, పది నిమిషాలు గోడకి ఆనుకుని నిలబడేసరికి 108కి వెళ్లింది. క్లాసులో ఎప్పటి నుంచో చెబుతున్న పద్యం మధ్యలో మరిచిపోయి, పిల్లల ముందు బోర్డు వైపు తిరిగి నిలబడ్డానని చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఈ మధ్యలో మైగ్రేన్ కూడా ముదిరింది. నా దగ్గరికి వచ్చేనాటికి నెలలో 17 రోజులు తలనొప్పి, అందులో సగం పైగా వాంతులు, వెలుతురు పడకపోవడం ఉన్న అసలు మైగ్రేన్ రోజులు. నెలకి 15 రోజులు, అంతకు మించి తలనొప్పి ఉంటూ, వాటిలో కనీసం 8 మైగ్రేన్ తరహావి అయి, మూడు నెలలు దాటితే దాన్ని క్రానిక్ మైగ్రేన్ అంటారు. అధిక బరువు ఉన్నవాళ్లలో మామూలు మైగ్రేన్ ఇలా క్రానిక్‌గా మారే ప్రమాదం ఎక్కువ. బరువు తగ్గించడానికి ఇక్కడ అద్దం ఒక్కటే కారణం కాదు, తల కూడా కారణమే.

తిండి గురించి మాట్లాడే ముందు రెండు విషయాలు తేలాలని పట్టుబట్టాను. ఒకటి కంటి పరీక్ష. బరువు పెరిగిన ఆడవాళ్లలో తలనొప్పి ఎక్కువైతే తలలో ద్రవం ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. కంటి వెనక నరం వాచితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఆమెకి వాపు లేదు. రెండోది, నీరసానికి వేరే కారణాలు. థైరాయిడ్ బాగుంది. హిమోగ్లోబిన్ 10.6, ఒంట్లో ఐరన్ నిల్వ చూపించే ఫెరిటిన్ 11, బి12 182, విటమిన్ డి 17. అన్నీ తక్కువే. మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ 5.9, అంటే షుగర్‌కి ముందు మెట్టు. గురక ఉంది కాబట్టి నిద్ర పరీక్ష కూడా చేయించారు, నిద్రలో ఊపిరికి సాయపడే మెషిన్ పెట్టాల్సినంత ఏమీ లేదు. ఐరన్, బి12, డి విటమిన్ ఫిజీషియన్ మొదలుపెట్టారు. వాటితో మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. శ్రమ తర్వాత కుదేలవడం మాత్రం అలాగే ఉంది. ఈ తేడా ఇంట్లోవాళ్లకి అర్థం కావడం ముఖ్యం. "రక్తం పట్టిందిగా, ఇంకేం" అనే మాట అప్పటికే ఇంట్లో మొదలైంది.

డైరీలో కనబడింది

రోజంతా తిన్నది వరసగా రాయమంటే ఈ జబ్బు ఉన్నవాళ్లకి అదే ఒక శ్రమ. అందుకని వాట్సాప్‌లో పొట్టి వాయిస్ మెసేజ్ పెట్టమన్నాను. ఏం తిన్నారు, ఎన్నింటికి, తలనొప్పి ఉందా, ఏ మాత్ర వేసుకున్నారు, ఆ రోజు చేసిన పెద్ద పని ఏమిటి, అంతే. మాట్లాడలేని రోజు వాళ్లాయన పెట్టేవారు. వాటిని నేను కాగితం మీద రోజులవారీగా వేసుకున్నాను.

ఆదివారం గళ్లు నిండిపోయి ఉండేవి. బట్టలు ఉతికి డాబా మీద ఆరేయడం, వారానికి సరిపడా ఇడ్లీపిండి రుబ్బడం, తలస్నానం, సాయంత్రం "వారానికి ఒక్కరోజైనా నడవాలిగా" అని గంటసేపు నడక. సోమవారం ఫరవాలేదు. మంగళవారం ఖాళీ. మళ్లీ గురువారానికి తేరుకోవడం. శ్రమ పడిన రోజే పడిపోతే ఎవరైనా గమనిస్తారు. ఈ జబ్బులో దెబ్బ 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా తగులుతుంది కాబట్టి ఆదివారం చేసిన పనికీ మంగళవారం పడకకీ సంబంధం ఉందని ఆమెకి అన్నాళ్లూ తోచలేదు. ఇంకో సంగతి, పేపర్లు దిద్దిన వారాల్లోనూ ఇదే జరిగింది. కుర్చీలో కూర్చుని చేసినా అది శ్రమే. బుర్ర పెట్టే పని కూడా ఒంటిని కుదేలు చేస్తుంది.

తిండి సంగతి చూస్తే, బాగున్న రోజు ఆమె తినేది నేను అనుకున్నదాని కంటే తక్కువ. సుమారు 1600, 1700 కేలరీలు. ఆ లెక్కన బరువు పెరగకూడదు. బాగోలేని రోజుల్లో అసలు విషయం తెలిసింది. పొద్దున లేవలేక టిఫిన్ ఉండదు. మధ్యాహ్నం వాంతి వస్తుందేమోనని ఏమీ తినరు. నాలుగింటికి కాస్త తల దిగగానే చేతికి అందినవి: టీతో సగం ప్యాకెట్ బిస్కెట్లు, పిల్లల కోసం తెచ్చిన మిక్చర్. రాత్రికి వంట చేసే ఓపిక లేక బయటి నుంచి బిర్యానీ. వంద గ్రాముల బిస్కెట్లలోనే 450 కేలరీలకి పైగా ఉంటాయి. బిర్యానీ ప్యాకెట్ ఒక్కరే తింటే ఎనిమిది తొమ్మిది వందలకి తగ్గదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్న బాధ ఒకవైపు, రోజు మొత్తం మీద 2400 కేలరీలు మరోవైపు. పైగా ఆ కేలరీల్లో ప్రోటీన్ లేదు. నెలలో సగం రోజులు ఇలాగే ఉంటే బరువు ఎందుకు పెరగదు?

నా దృష్టి అక్కడి నుంచి పూర్తిగా బాగోలేని రోజు మీదికి మళ్లింది. ఆ రోజు తిండి సరిచేయకుండా, బాగున్న రోజు అన్నంలో రెండు గరిటెలు తగ్గిస్తే ఉపయోగం లేదు. ఇంతకుముందు వేరేచోట ఇచ్చిన 1000 కేలరీల చార్టు ఆమె నిజాయితీగా పాటించారు. పాటించిన ప్రతిసారీ నాలుగో రోజుకల్లా మైగ్రేన్ వచ్చింది, మైగ్రేన్ రోజున పైన చెప్పినట్టే తిన్నారు, "నాకు కంట్రోల్ లేదు" అని తనను తాను తిట్టుకున్నారు. కడుపు ఖాళీగా ఉండటం మైగ్రేన్‌ని రేపే కారణాల్లో బాగా తెలిసినది. ఆమె లోపం అందులో ఏమీ లేదు.

తీపి గురించి కూడా ఒక మాట. చాక్లెట్ తింటే తలనొప్పి వస్తోందని మానేశారు, అయినా తలనొప్పులు ఆగలేదు. డైరీలో చూస్తే ఆ ముందు రోజు సాయంత్రమే విపరీతమైన ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి తినాలనిపించడం ఉన్నాయి. మైగ్రేన్ మొదలయ్యే కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందు రోజే, మెదడులో మార్పులు మొదలవుతాయి. తీపి మీదికి మనసు పోవడం చాలామందిలో ఆ మార్పుల్లో భాగమే. ఆమెకి అది కారణం కాదు, కబురు. ఆవలింతలూ తీపి కోరికా కలిసి వచ్చిన సాయంత్రం పని ఆపేసి, ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన శనగలు తిని, నీళ్లు తాగి తొందరగా పడుకోవాలని అనుకున్నాం.

ఆఖరిది శనివారం. వెంకటేశ్వరస్వామికి చాలా ఏళ్లుగా ఒక్కపొద్దు ఉంటున్నారు. పగలంతా టీలతో సరి, రాత్రికి పలహారం. శనివారం రాత్రి గానీ ఆదివారం పొద్దున గానీ తలనొప్పి దాదాపు తప్పేది కాదు. నేను మానేయమనలేదు. అది ఆమె నమ్మకం, నా అధికారం అక్కడ లేదు. వాళ్ల అత్తగారే దారి చూపించారు. "అన్నం ముట్టకపోతే చాలమ్మా, పలహారం రెండు పూటలా చెయ్. మా అమ్మ ఒంట్లో బాగోనప్పుడు అలాగే చేసేది" అన్నారట. ఇప్పుడు శనివారం పొద్దున పాలు, పండు. మధ్యాహ్నం పెసరట్టు, పెరుగు. రాత్రి ఇడ్లీ. ఒక్కపొద్దు ఉన్నట్టే, కడుపు మాడనట్టే.

మందుల సంగతి

ఇది చాలామంది డైటీషియన్లు వదిలేసే భాగం, వదలకూడదని నా గట్టి అభిప్రాయం. మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందుల్లో కొన్ని బరువు పెంచుతాయి. ఫ్లునారిజిన్, అమిట్రిప్టిలిన్, వాల్‌ప్రొయేట్ ఆ కోవలోవి. ప్రొప్రనోలాల్ కొందరిలో బరువు కొద్దిగా పెంచుతుంది, నీరసం కూడా తెస్తుంది. టోపిరమేట్ దీనికి ఎదురు, ఆకలి తగ్గించి బరువు తగ్గిస్తుంది.

టీచర్‌గారు ఫ్లునారిజిన్ 10 మి.గ్రా., అమిట్రిప్టిలిన్ 25 మి.గ్రా. రాత్రిపూట ఏడాదిగా వేసుకుంటున్నారు. పెరిగిన 15 కిలోల్లో సుమారు 7 ఈ ఏడాదిలోనే వచ్చాయి. ఆకలి పెరిగింది, పొద్దున మత్తు వదలడం లేదు. ఈ రెండింటికీ తోడు, తలనొప్పి వచ్చినప్పుడు నెలలో 14 రోజుల దాకా నొప్పి మాత్రలు పడుతున్నాయి, అందులో ఎక్కువ రెండు మూడు మందులు కలిసిన మాత్రలు. అలాంటి మాత్రలు గానీ, మైగ్రేన్ నొప్పికే వాడే ట్రిప్టాన్లు అనే మాత్రలు గానీ నెలకి 10 రోజులు, ఉత్త పారాసెటమాల్ లాంటివి 15 రోజులు, అలా మూడు నెలలు దాటితే ఆ మాత్రల వల్లే తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది.

డైరీ సారాంశం, బరువు పెరిగిన క్రమం ఒక పేజీలో రాసి న్యూరాలజిస్టుగారికి పంపాను. ఆయన పిలిపించి అన్నీ మళ్లీ చూశారు. టీచర్‌గారి చెల్లెలు ఎక్కడో విని టోపిరమేట్ అడగమన్నారు. ఆయన వద్దన్నారు. ఆ మందుతో కొందరికి మాటలు వెతుక్కోవాల్సి వస్తుంది, పద్యం మరిచిపోయి ఏడ్చిన మనిషికి అది ఇవ్వలేనన్నారు. ఫ్లునారిజిన్ ఆపి, అమిట్రిప్టిలిన్ నిద్ర కోసం 10 మి.గ్రా.కి తగ్గించి, బీపీ కాస్త ఎక్కువే ఉంది కాబట్టి మైగ్రేన్ రాకుండా కూడా వాడే, బరువు మీద ప్రభావం చూపని క్యాండెసార్టాన్ అనే బీపీ మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. నిలబడినప్పుడు బీపీ పడిపోతోందేమో కొన్ని వారాలు ఇంట్లో చూడమన్నారు. నొప్పి మాత్రలు వారానికి రెండు రోజులకి మించకూడదన్నారు. మొదటి మూడు వారాలు నరకమే, తలనొప్పులు ముందు పెరిగాయి. ఆ మూడు వారాలు నేను తిండిలో ఏమీ తగ్గించలేదు. వేళకి తింటే చాలన్నాను. ఒకేసారి రెండు యుద్ధాలు ఈ ఒంటికి వద్దు.

చదివేవాళ్లకి ఒక విన్నపం: ఇది చూసి ఎవరూ మందు తమంతట తాము ఆపొద్దు. డాక్టర్‌ని అడగడానికి మీకు హక్కుంది. అడగండి.

లెక్క, కంచం

ఆమె ఒంటికి విశ్రాంతిలో సుమారు 1420 కేలరీలు, ఆమె కదలికతో కలిపి 1800 పైచిలుకు కావాలి. 1500 దగ్గర పెట్టాను. రోజుకి 300 తగ్గింపు అంటే నెలకి సుమారు ఒక కిలో తగ్గుతారు. ఆ వేగం ఆమెకి ముందే చెప్పి ఒప్పించాను. వేగంగా తగ్గించే ఏ పద్ధతికైనా ఖాళీ కడుపు తప్పదు, అది మైగ్రేన్‌ని పిలుస్తుంది. పదహారు గంటలు తినకుండా ఉండే పద్ధతి ఇలాంటివాళ్లకి నేను చెప్పను.

ఈ 300 ఎక్కడి నుంచి తీశామంటే, కంచంలోంచి ఎక్కువ తీయలేదు. ఇంట్లో నలుగురు, నెలకి ఐదు లీటర్ల నూనె. తలా రోజుకి 38 గ్రాములు. మూడు లీటర్లకి దించాం, తలా 23 గ్రాములు. ఒక్క ఆ మార్పుతో రోజుకి 135 కేలరీలు పోయాయి. నూనె కొనేటప్పుడే తక్కువ కొనడం మంచి దారి, వండేటప్పుడు కొలవాల్సిన పని ఉండదు. తర్వాత టీ. రోజుకి ఐదు కప్పులు, కప్పుకి రెండు చెంచాల పంచదార, అంటే పంచదారతోనే 200 కేలరీలు. టీ ఒక్కసారిగా ఆపితే కెఫీన్ అందక అదో తలనొప్పి, అందుకని వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించి రెండు కప్పుల దగ్గర ఆగాం, అరచెంచా పంచదారతో. మధ్యాహ్నం మూడు తర్వాత టీ లేదు.

ప్రోటీన్ మాత్రం పెంచాం. రోజుకి 40 గ్రాముల లోపు ఉండేది, 65 దాకా తెచ్చాం. పొద్దున పెసరట్టుతో పాటు గుడ్డు, మధ్యాహ్నం గరిటెడు ఎక్కువ ముద్దపప్పు, కప్పు పెరుగు, వారానికి మూడుసార్లు చేపో చికెనో. అన్నం మానలేదు. మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకి తగ్గింది, కూర రెండింతలైంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ ఇంచుమించు ఇదే: రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదని 2024 మార్గదర్శకాల్లో రాశారు. మన భోజనాల్లో అది చాలాసార్లు 60, 70 శాతం ఉంటుంది.

ఒక తిండికీ ఇంకో తిండికీ మధ్య మెలకువగా ఉన్న వేళల్లో నాలుగు గంటలు దాటకూడదన్నది ఏకైక కఠిన నియమం. స్కూల్లో రెండో పీరియడ్ తర్వాతి ఇంటర్వెల్‌లో వేరుశనగలో, జామకాయో. నీళ్ల విషయంలో ఇబ్బంది పడ్డాం. స్కూల్లో ఆడవాళ్ల బాత్‌రూమ్ వాడేలా లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండటం ఆమెకి అలవాటైపోయింది. ఇది ఎంతమంది టీచర్ల కథో నాకు తెలుసు, చెప్పాలంటే కోపం వస్తుంది. ఆమె హెచ్ఎంగారితో మాట్లాడి ఆఫీసు బాత్‌రూమ్ తాళం తీసుకున్నారు. ఆ తర్వాతే రోజుకి రెండు లీటర్ల నీళ్లు సాధ్యమయ్యాయి. నిలబడితే కళ్లు తిరిగేవాళ్లకి ఉప్పు పెంచమని కొందరు డాక్టర్లు చెబుతారు, కానీ ఈమెకి బీపీ ఉంది కాబట్టి ఉప్పు రోజుకి ఐదు గ్రాముల లోపే ఉంచాం, ఆవకాయ తగ్గించాం.

బాగోలేని రోజు డబ్బా

ఈ కేసులో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది దీని మీదే. ఫ్రిజ్‌లో కింది అర మొత్తం ఆమెకి ఇచ్చేశాం. పై అరకి చేయి చాపాల్సిన పని లేకుండా కింది అర, వంగకుండా కూర్చుని తీసుకునేలా పక్కన ఒక ముక్కాలి పీట. అందులో ఎప్పుడూ ఉండాల్సినవి: తోడుపెట్టిన పెరుగు చిన్న గిన్నెల్లో, ఉడకబెట్టిన గుడ్లు, ఇడ్లీపిండి, కడిగి ఆరబెట్టిన పళ్లు. పై ఫ్రీజర్‌లో పప్పు ఒక్కొక్కరికి సరిపడా డబ్బాల్లో. అలమరలో దోరగా వేయించిన రవ్వ, వేయించిన శనగలు, రాగిపిండి. మంచం పక్కన మూత ఉన్న సీసాలో నీళ్లు, నాలుగు ఖర్జూరాలు. బిస్కెట్లు ఇంట్లోకి రావడం ఆపలేదు, పిల్లలున్న ఇల్లు. చేతికి ముందుగా అందేది మాత్రం మారింది.

వాంతి వచ్చేలా ఉన్నప్పుడు ఘన పదార్థం వద్దు. పలచటి రాగిజావలో మజ్జిగ, చిటికెడు ఉప్పు కలిపి పావుగంటకోసారి రెండు గుక్కలు. మైగ్రేన్ వచ్చినప్పుడు పొట్ట కదలిక మందగిస్తుంది, అందుకే మాత్ర కూడా సరిగా ఒంటికి పట్టదు. మాత్ర ఆలస్యం చేయకుండా నొప్పి మొదట్లోనే వేసుకోమని న్యూరాలజిస్టు చెప్పారు. దానికి ముందు నాలుగు గుక్కల జావ పడితే వాంతి తక్కువైంది.

బాగోలేని రోజు వంట ఎవరు చేయాలన్నది ఇంకో ప్రశ్న. వాళ్లాయన్ని, ఎనిమిదో తరగతి చదివే అబ్బాయిని కూడా క్లినిక్‌కి రమ్మన్నాను. కుక్కర్‌లో అన్నం, ఫ్రీజర్‌లోని పప్పు వేడిచేయడం, గుడ్డు అట్టు, ఈ మూడూ వస్తే ఆ రాత్రి బిర్యానీ అక్కర్లేదు. అబ్బాయి ముందు అట్టు వేయడం నేర్చుకున్నాడు, ఇప్పుడు పెసరట్టు కూడా వేస్తున్నాడట. ఆమె వంటకి కూడా స్టవ్ పక్కన ఎత్తు స్టూల్ వేశాం. కత్తిపీట ముందు కింద కూర్చుని లేచేటప్పుడు కళ్లు తిరిగేవి, ఇప్పుడు కూరలు తరగడం టేబుల్ మీద చాకుతో, అదీ ముందు రోజు రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి. తలస్నానం, పిండి రుబ్బడం, బట్టలు ఒకే రోజు పెట్టుకోవద్దన్నాను. తలస్నానం కొందరిలో మైగ్రేన్‌ని రేపుతుందని మన దేశపు న్యూరాలజిస్టులే నమోదు చేశారు. ఈమెకీ అది ఉంది. ఎండ తగ్గాక, జుట్టు వెంటనే ఆరేలా, బుధవారానికి మార్చుకున్నారు.

నడక గురించి

నడవమని నేను చెప్పలేదు. దీనికి బంధువుల నుంచి, తోటి టీచర్ల నుంచి ఆమెకి చాలా మాటలు పడ్డాయి. "డాక్టర్లంతా నడవమంటుంటే మీ మేడమ్ ఏంటమ్మా" అని. క్రమంగా వ్యాయామం పెంచుకుంటూ పోయే చికిత్సని బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2007లో ఈ జబ్బుకి సిఫారసు చేసింది, రోగుల అనుభవాలు, ఆధారాలు మళ్లీ పరిశీలించి 2021 అక్టోబర్‌లో అదే సంస్థ ఆ సిఫారసు తీసేసింది. నీరసం ఉన్న అందరికీ ఇది వర్తించదు. రక్తహీనత వల్లో, థైరాయిడ్ వల్లో నీరసం ఉన్నవాళ్లకి నడక మేలే చేస్తుంది. శ్రమ తర్వాత కుదేలయ్యే లక్షణం ఉన్నవాళ్లకి మాత్రం బలవంతపు నడక హాని.

చేసిందల్లా అడుగుల్ని సమం చేయడం. ఆమె ఫోన్‌లో ఒక రోజు 7000, ఇంకో రోజు 900 ఉండేవి. జీతం పడ్డ వారంలోనే ఖర్చుపెట్టేసి మిగతా నెల అప్పులు చేసినట్టుంది ఆ పద్ధతి. బాగున్న రోజున కూడా 3500 దగ్గర ఆగమన్నాను. బాగున్నప్పుడు ఆగడం ఆమెకి అన్నిటికంటే కష్టమైంది. పని మిగిలిపోయిందన్న దిగులు మన ఇళ్లలో ఆడవాళ్లకి ఊరికే పోదు. చేతి వాచీలో గుండె వేగం 105 దాటితే కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఇది కచ్చితమైన గీత కాదు, ఒక గుర్తు. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే అది 118 చూపించింది. ఆ రోజు నుంచి బట్టలు కింద వరండాలో, వాళ్లాయన చేతుల మీదుగా. స్కూల్లో ఆమె క్లాసుల్ని కింది అంతస్తుకి మార్చారు, కుర్చీలో కూర్చుని చెప్పడానికి హెచ్ఎంగారు ఒప్పుకున్నారు.

నాలుగు నెలలు నిలకడగా ఉన్నాక, ఫిజియోథెరపిస్టు చూపించిన కాళ్లు చేతుల కదలికలు మంచం మీదే పడుకుని, ఐదు నిమిషాలు, రోజు విడిచి రోజు. కండ తగ్గకుండా ఉండటానికి. తర్వాతి రెండు రోజులు బాగోకపోతే ఆ వారం ఆపేయడమే, "ఇంకొంచెం" అనే మాట లేదు.

పద్నాలుగు నెలల తర్వాత

బరువు 73.2 కిలోలు. నడుము 90 సెం.మీ. హెచ్‌బీఏ1సీ 5.6. తలనొప్పి రోజులు నెలకి 17 నుంచి 8కి వచ్చాయి, నొప్పి మాత్రలు వేసుకునే రోజులు ఐదారు. నెలలో సగం రోజులు మంచం పట్టే మనిషి ఇప్పుడు నాలుగైదు రోజులు పడుతున్నారు. ఎంఈ/సీఎఫ్ఎస్ తగ్గలేదు. తగ్గించే మందు ఇప్పటికి లేదు, తిండితో తగ్గుతుందని నేను చెప్పను, ఎవరైనా చెబితే నమ్మొద్దంటాను.

ఈ తగ్గుదలలో ఎంత నా డైట్ వల్ల, ఎంత ఫ్లునారిజిన్ ఆపడం వల్ల అని విడదీయలేను. మొదటి మూడు కిలోలు ఎక్కువగా మందు మార్పు వల్లే అని నా అంచనా, ఎందుకంటే ఆకలి తగ్గిందని ఆమే చెప్పారు. ఆ తర్వాతివి చెడ్డ రోజులు తగ్గడం వల్ల, ఆ రోజుల్లో తిండి మారడం వల్ల.

గీత తిన్నగా దిగలేదు. ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడింది. ఎండ, బస్సు ప్రయాణం, రోజంతా పేపర్లు. నాలుగో రోజున పడిపోయారు, మూడు వారాలు లేవలేదు. బరువు కిలోన్నర పెరిగింది. అప్పుడు ఫ్రిజ్ అర కూడా ఖాళీ అయింది, నింపేవాళ్లూ అలిసిపోయారు. ఆ నెల మేం బరువు చూడటమే మానేశాం. వేళకి తిండి, నీళ్లు, నిద్ర, అంతవరకే. జూన్ చివరికి మళ్లీ పాత బరువుకి దిగారు. వచ్చే ఏడాది ఆ డ్యూటీ నుంచి మినహాయింపు కోసం ఫిజీషియన్ సర్టిఫికెట్‌తో ఫిబ్రవరిలోనే దరఖాస్తు పెడుతున్నారు.

ఈ మధ్య ఆమె బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడుగుతున్నారు. టిర్జెపటైడ్ 2025లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ అడుగుతున్నారు. బీఎంఐ ఇప్పుడు 30 దగ్గర ఉంది. నా ఇబ్బంది ఏమిటంటే, ఆ మందులతో మొదటి నెలల్లో వికారం, వాంతులు, తిండి తగ్గిపోవడం మామూలు. తిండి తగ్గితే తలనొప్పి వచ్చే మనిషి ఈమె. ప్రోటీన్ తగ్గితే కండ కూడా పోతుంది, ఉన్న ఓపిక అంతంతమాత్రం. అలాగని వద్దని కొట్టిపారేయలేను, షుగర్ దగ్గరలోనే ఉంది. ఫిజీషియన్, న్యూరాలజిస్టు, నేను కలిసి మాట్లాడుకున్నాం. హెచ్‌బీఏ1సీ మళ్లీ పెరిగినా, ఆరు నెలలు బరువు కదలకపోయినా అప్పుడు అతి తక్కువ మోతాదుతో, వేసవి సెలవుల్లో, స్కూల్ లేని రోజుల్లో మొదలుపెట్టాలని అనుకున్నాం. అప్పటిదాకా ఇదే కంచం, ఇదే 3500 అడుగులు. తర్వాతి బరువు సంక్రాంతి సెలవుల తర్వాత చూస్తాం. అరిసెలు రెండు తినమని ముందే చెప్పాను, భోజనం మానకుండా.